బసంతర్ ఒడ్డున మట్టిపని

మా నాన్న రేపల్లె తాలూకాలో ఉన్న ఎకరంన్నర మాగాణి అమ్మి, తుంగభద్ర ఎడమ కాలువ కింద పన్నెండెకరాలు కొన్నది 1958లో. అప్పటికి హోస్పేట దగ్గర డ్యాం పూర్తయి అయిదేళ్ళయింది. మద్రాసు సర్కారూ నిజాం సర్కారూ కలిసి 1945లో శంకుస్థాపన చేసిన డ్యాం అది. నీళ్ళు పారేనాటికి నిజాం రాజ్యం పోయింది. 1956లో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. కాలువైతే వచ్చింది గానీ, తరతరాలుగా జొన్న, పత్తి పండించుకుంటున్న అక్కడి రైతుకు మాగాణి సేద్యం తలకు మించిన ఖర్చు. నేల చదును చెయ్యాలి, గట్లు పొయ్యాలి, బోదెలు తియ్యాలి, రెండు మూడేళ్ళు రాబడి లేకుండా ఓర్చుకోవాలి. వాళ్ళు కొంత భూమి అమ్ముకున్నారు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి మాలాంటివాళ్ళు పోయి కొన్నారు.

సింధనూరు వైపు మేం దిగిన చోటుకి ఊరు అన్న పేరు లేదు. క్యాంపు అనేవారు. ఇరవై పూరిళ్ళు, ఒక బావి, రామమందిరం పేరుతో ఒక పందిరి. చుట్టూ నల్లరేగడి. వాన పడితే ఎద్దు కాలు దిగబడి పైకి రాదు, ఎండ కాస్తే నెర్రెల్లో చెయ్యి దూరేది. తుమ్మచెట్లు కొట్టి మొద్దులు పెకలించడం, ఎడ్లకు చెక్కపలక కట్టి మెరక మట్టిని పల్లానికి లాగడం, గట్టు వేసి తొక్కడం, మా ఇంటిల్లిపాదికీ మూడేళ్ళపాటు అదే పని. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. పగలు కన్నడ బడి, పొద్దూ మాపూ పార. పార పట్టడంలో ఒక లెక్క ఉంది. తవ్విన మట్టిని అంచుకు ఆనించి పోస్తే అది మళ్ళీ గుంటలోకే జారుతుంది. అంచు నుంచి మూరెడు వదిలి పొయ్యాలి. ఇసుక కలిసిన నేలైతే గోడను నిలువుగా దించకూడదు, లోపలికి వాలుగా చెక్కుతూ దిగాలి. ఇవన్నీ నాన్న తిట్లతో నేర్పాడు. వాటిని ఒకరోజు పాకిస్తాన్ నేల మీద వాడతానని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఆ కాలువ కింద ఎక్కువ భూమిని సర్కారు జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలకే కేటాయించింది. మేం డెల్టావాళ్ళం. నీళ్ళు కనపడితే వరి తప్ప మరొకటి ఎరగం. పైనున్న క్యాంపులన్నీ వరి వేస్తే చివరి క్యాంపులకు నీళ్ళు అందేవి కావు. మాది చివరి క్యాంపు. చిరుపొట్ట మీదున్న పైరు ఎండిపోవడం రెండుసార్లు చూశాను. రెండోసారి ఎరువుల అప్పు, ఎడ్ల అప్పు కలిసి నాన్నను కుంగదీశాయి. ఇద్దరం అన్నదమ్ములం. ఒకడు కాడి పట్టుకుంటే ఒకడు బయటి సంపాదన చూసుకోక తప్పదని తేలింది.

1968లో బళ్ళారిలో మిలిటరీ భర్తీ అని విని వెళ్ళాను. ఎత్తు, ఛాతీ, పరుగు అన్నీ సరిపోయాయి. నివాస ధ్రువపత్రం దగ్గర ఆగింది. ఇక్కడి ఆఫీసులో అడిగితే మీరు ఆంధ్రావాళ్ళు కదా, అక్కడికే పొమ్మన్నారు. రేపల్లె వైపు వెళ్తే, ఇల్లూ పొలమూ అమ్ముకుని పోయినవాళ్ళకి ఇక్కడేం రాసిస్తామన్నారు. చివరికి మాకు పొలం అమ్మిన కన్నడ రైతే ఊరి పెద్ద అయిన గౌడ దగ్గరికి తీసుకువెళ్ళి, ఈ కుర్రాడు మా పొలంలో పెరిగాడని చెప్పి సంతకం పెట్టించాడు. తన తాతలనాటి భూమి చేజారినందుకు ఆయన మా మీద కోపం పెట్టుకున్నా న్యాయమే. ఆ కోపం ఉండే ఉంటుంది. అయినా వచ్చాడు.

నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ సెంటర్. 1758 దాకా వెనక్కి వెళ్ళే చరిత్ర ఉన్న రెజిమెంట్ అది. టోపీ బిళ్ళ మీద ఏనుగు. రాయచూరు ఎండలో పెరిగిన ఒంటికి ఆ చలి మొదటి శిక్ష. తెల్లవారకముందే పరుగు, తర్వాత డ్రిల్లు, తర్వాత రైఫిలు, మధ్యాహ్నం రోమన్ అక్షరాల్లో హిందీ పాఠం. ఉస్తాదులు ఎక్కువమంది తమిళులు, మలయాళీలు. మా బారక్‌లో నాలుగు దక్షిణాది భాషలూ వినపడేవి. తెలుగు, కన్నడం రెండూ వచ్చినందుకు గొడవలు తీర్చే పని తరచూ నాకే పడేది. ఎక్కడివాడివని ఎవరైనా అడిగితే, ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోవడం అక్కడ ఎవరికీ తప్పుగా తోచలేదు. నెంబరూ పేరూ సరిగా చెబితే చాలు.

మొదటిసారి మోర్చా, అంటే దాక్కుని పోరాడే గుంట, తవ్వించినప్పుడు చాలామంది చేతులు పొక్కాయి. కాలేజీ మొహం చూసి వచ్చినవాళ్ళు కొందరు, పటాలం అంటే తుపాకీ కదా, ఈ కూలిపనేమిటని గొణిగారు. ఉస్తాద్, తిరునెల్వేలి వైపు హవల్దారు, నవ్వి ఊరుకున్నాడు. నేను తవ్విన గుంటలో దిగి చూసి, తంబీ, నువ్వు రైతుబిడ్డవా అన్నాడు. ఔనన్నాను. బతుకుతావు అన్నాడు. అదే ఆయన నాకిచ్చిన మెప్పు.

శిక్షణ అయ్యాక 16 మద్రాస్‌కు పంపారు. పాత తిరువాన్కూరు సంస్థానపు సైన్యం నుంచి వచ్చిన పటాలం అది. 1971 నడిచేకొద్దీ తూర్పు బెంగాల్ కబుర్లు పెరిగాయి. శరణార్థులు కోటి దాకా వచ్చారని రేడియో చెప్పేది. సెలవులు ఆపేశారు. ఇంటి ఉత్తరాలకు 56 ఏ.పి.ఓ. తప్ప మరో చిరునామా రాయకూడదు. మేం జమ్మూ వైపు సాంబా దగ్గరికి చేరుకున్నాం. అక్కడి నుంచి దక్షిణంగా పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ ప్రాంతం మన భూభాగంలోకి పొట్టలా పొడుచుకు వచ్చి ఉంటుంది. దాని అంచు నుంచి జమ్మూ, పఠాన్‌కోట్ రోడ్డు ఎంతో దూరం లేదు. ఆ రోడ్డు తెగితే కాశ్మీరుకి దారి తెగినట్టే. అందుకే ఆ పొట్టలోకి మనమే వెళ్ళాలని పైవాళ్ళు తేల్చారు.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేశాయి. 5వ తేదీ రాత్రి మా 54వ డివిజన్ సరిహద్దు దాటింది. డివిజన్‌కు మేజర్ జనరల్ పింటో కమాండర్. మాది 47వ బ్రిగేడ్. సరిహద్దు దాటగానే నాకు కనపడ్డవి చెరుకుతోటలు, మొలక వేసిన గోధుమచేలు, పొలాల మధ్య ఇటుక గోడల ఇళ్ళు. మా రేగడి కంటే ఎంతో మెత్తటి నేల, బూటు కింద పిండిలా నలిగేది. ఇంత మంచి నేల పెట్టుకుని ఈ ఊళ్ళవాళ్ళు ఎక్కడికి పోయారా అని మొదట అనిపించింది. పోకేం చేస్తారు?

ముందుకు సాగడం ఊహించినంత వేగంగా జరగలేదు. కారణం మందుపాతరలు. పాకిస్తాన్‌వాళ్ళు ఒకదాని వెనక ఒకటిగా వందల గజాల మేర పాతరల వరసలు పరిచారు. టాంకుల కోసం పెద్దవి, వాటిని తియ్యడానికి వచ్చేవాళ్ళ కోసం చిన్నవి, రెండూ కలిపి. ఇంజనీర్లు రాత్రిళ్ళు ముందుపోయి దారి తీసేవారు, కొన్నిచోట్ల ముందు రోలర్లు కట్టిన టాంకులతో, కొన్నిచోట్ల మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో. తీసిన దారికి ఇరుపక్కలా తెల్ల పట్టీ కట్టేవారు. ఆ పట్టీ దాటి కాలు పెట్టకూడదు. పట్టీ లోపల నడవడం కాలువగట్టు మీద చీకట్లో నడిచి అలవాటైన నాకు సులువే. పక్కనున్నది మనిషి కాలు ఎగరగొట్టే నేల అన్నది గుర్తొస్తే మాత్రం అడుగు తడబడేది.

డిసెంబరు 15 రాత్రి బసంతర్ దాటాలి. అది మన సాంబా వైపు నుంచి పారుతూ పాకిస్తాన్‌లోకి పోయే నది. డిసెంబరులో నీళ్ళు తక్కువ, ఇసుక మేట ఎక్కువ, ఒడ్డున సర్కండా అనే ఎత్తైన రెల్లు. మా పటాలానికి అవతలి ఒడ్డునున్న సరాజ్‌చక్ అప్పగించారు. 3 గ్రెనేడియర్స్‌కి జర్పాల్. పూరీలు, శక్కర్‌పారాలు జేబుల్లో పెట్టుకున్నాం. నీళ్ళ సీసాలు చప్పుడు కాకుండా గుడ్డ చుట్టుకున్నాం. మా ఫిరంగులు మొదలైన తర్వాత ఒకరి మాట ఒకరికి వినపడలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆ చలి ఇప్పటికీ నా మోకాళ్ళలో ఉంది.

ఒడ్డెక్కిన తర్వాత జరిగినదంతా వరసగా చెప్పలేను. వాళ్ళ మెషిన్‌గన్లు రెండు వైపుల నుంచీ కొట్టాయి. ఎర్రటి చారలు తలల మీదుగా పోతున్నాయి. ఎవరో వీర మద్రాసి అని అరిచారు, అందరం అడి కొల్లు, అడి కొల్లు అని అందుకున్నాం. రెజిమెంట్ యుద్ధనినాదం అది. ముందున్న సెక్షన్ నుంచి ఇద్దరు పడిపోవడం చూశాను. ఆగకూడదు, ఎత్తకూడదు, వెనక వచ్చేవాళ్ళు చూసుకుంటారు. ఆ నియమం వెల్లింగ్టన్‌లో విన్నప్పుడు సబబుగానే ఉంది. అక్కడ మనిషిని దాటి పోవలసి వచ్చినప్పుడు తెలిసింది దాని బరువు. వాళ్ళ మోర్చాలు చేరేసరికి కొన్ని ఖాళీ, కొన్నిట్లో చివరిదాకా ఉన్నవాళ్ళు. వాళ్ళు పిరికివాళ్ళని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సరాజ్‌చక్ చేతికొచ్చింది. ఉస్తాద్ చెప్పిన పాఠమే: పట్టుకోవడం సగం పని, నిలుపుకోవడం సగం పని. తెల్లారేలోగా ఎదురుదాడి ఖాయం. తవ్వండి అని ఆర్డరు. నా జోడీ కొల్లం దగ్గర జాలరి కుటుంబపు కుర్రాడు. వాడి చేతులకు వల తెలుసు, పార తెలీదు. నది దగ్గర కాబట్టి నేల ఇసుక కలిసి ఉంది. నిలువుగా తవ్వితే కూలిపోతోంది. వాణ్ణి రెల్లు కోసుకురమ్మని పంపి, నేను వాలుగా చెక్కుతూ దిగాను. రెల్లు కట్టలు గోడకు ఆనించి, పడిపోయిన ఇంటి తలుపు ఒకటి లాక్కొచ్చి సగం మీద కప్పి, దాని పైన మట్టి పోశాం. మట్టి అంచుకు మూరెడు దూరంగా పోస్తుంటే వాడు, చేట్టా (అన్నా), ఇంత లెక్క ఎందుకన్నాడు. చెప్పే ఓపిక లేదు. చెయ్యి ఆపకుండా కళ్ళతోనే గదమాయించాను.

అర్ధరాత్రి దాటాక ఎదుటి వైపు టాంకుల చప్పుడు మొదలైంది. మా దగ్గర జీపుల మీదుండే రీకాయిల్‌లెస్ గన్‌లు తప్ప టాంకుకు సరిజోడు లేదు. మా టాంకులు నది అవతల ఉన్నాయి. మధ్యలో మందుపాతరలు ఇంకా పూర్తిగా తియ్యలేదు. టాంకుల రెజిమెంట్ పూనా హార్స్ కమాండెంట్ లెఫ్టినెంట్ కల్నల్ హనూత్ సింగ్ దారి పూర్తయ్యేదాకా ఆగలేదు. తియ్యని పాతరల మీదుగానే టాంకులను నడిపించి తెల్లారకముందే మా దగ్గరికి చేర్చాడు. వెనక నుంచి ఇంజన్ల మోత వినపడినప్పుడు అవి మనవో కాదో తెలియక ఊపిరి బిగబట్టాం. మనవని తెలిసిన తర్వాత మా ప్లటూన్ సుబేదార్ సాబ్ నేలకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నాడు.

16 ఉదయం పొగమంచు, దాని మీద వాళ్ళు వేసిన పొగబాంబుల తెర. అందులోంచి ప్యాటన్ టాంకులు వచ్చాయి. ఆ రోజు జర్పాల్ వైపు జరిగిన టాంకుల పోరు గురించి పుస్తకాలు చెబుతాయి. 21 ఏళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ తన టాంకు తగలబడుతున్నా వదలకుండా పోరాడి చనిపోయాడు. ఆయనకు పరమవీర చక్ర వచ్చింది. గ్రెనేడియర్స్ మేజర్ హోషియార్ సింగ్‌కూ వచ్చింది, ఆయన బతికి అందుకున్నాడు. నాకు కనిపించింది తక్కువ, వినిపించింది ఎక్కువ. గుంటలో ఉన్నవాడికి గుంట అంచు వరకే లోకం. షెల్ పడినప్పుడల్లా రెల్లుకట్టల సందుల్లోంచి మట్టి మెడ మీద రాలేది. గోడ మాత్రం కూలలేదు. మాకు ఎడంగా ఉన్న మోర్చా లోతు చాలక, గోడ జారి, అందులోని ఇద్దరిలో ఒకడు పోయాడు. ఆ గుంట ఇంకొంచెం లోతుండి ఉంటే బతికేవాడేమో. వాళ్ళ అమ్మకు ఆ సంగతి ఎవరూ రాయలేదు. రాయకూడదు కూడా.

ఆ సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. దేశమంతా మిఠాయిలు పంచుకుందని తర్వాత విన్నాను. మా దగ్గర షెల్లింగ్ ఆగలేదు. 17 తెల్లవారుజామున వాళ్ళ 35 ఫ్రంటియర్ ఫోర్స్ జర్పాల్ మీదికి కాలినడకన దాడికి వచ్చింది. దాని కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ అక్రమ్ రాజా తన మనుషుల ముందు నడుస్తూ చనిపోయాడు. ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటూ గ్రెనేడియర్స్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ ఐరీ రాసి ఇచ్చాడు, పాకిస్తాన్ ఆయనకు హిలాల్-ఎ-జుర్రత్ ఇచ్చింది. బసంతర్ పోరులోనే మా కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ వేద్ ప్రకాశ్ ఘాయ్ కూడా నేలకొరిగాడు. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. మోర్చా నుంచి మోర్చాకు వంగకుండా నడిచి, తవ్వారా, తిన్నారా అని అడిగే మనిషి. ఆయన లేడన్న మాట పక్క మోర్చా నుంచి గుసగుసగా మాకు చేరింది. కొల్లం కుర్రాడు ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, నెల తర్వాత వచ్చింది.

17 రాత్రి 8 గంటలకు కాల్పుల విరమణ. చప్పుడు ఆగిపోయాక మొదట వినపడింది గేదెల అరుపు. ఊరివాళ్ళు కట్లు విప్పేసి పోయారు. అవి పాలు పిండేవాళ్ళు లేక, పొదుగులు రాయిలా గట్టిపడి, బాధతో తిరుగుతున్నాయి. మర్నాడు సుబేదార్ సాబ్ అనుమతి తీసుకుని, పాతరలు తీసిన మేరలో ఉన్నవాటిని పట్టుకుని పిండాం. మా ప్లటూన్‌లో పాలు పిండడం వచ్చినవాళ్ళం నలుగురం తేలాం, నలుగురం రైతుబిడ్డలమే. ముందు పిండినవి విరిగినట్టున్నాయి, నేల మీద పారబోశాం. తర్వాతివి లంగర్‌కు, అంటే మా వంటశాలకు, పోయాయి. శత్రువు గేదె పాలతో టీ తాగాం. ఆ గేదె యజమాని ఏ చెట్టు కింద చలికి వణుకుతున్నాడో అన్న ఆలోచన నాతోపాటు మరో ముగ్గురికి వచ్చిందని వాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది.

1972లో చాలా నెలలు అక్కడే ఉన్నాం. నీళ్ళు పెట్టేవాడు లేకపోయినా శీతాకాలపు జల్లులకు గోధుమ పెరిగింది, వెన్ను వేసింది, కోసేవాడు లేక గింజ రాలిపోయింది. యుద్ధంలో చనిపోయినవాళ్ళను చూసినప్పుడు కలగని కోపం నాకు ఆ చేలు చూసినప్పుడు కలిగింది. తల తాకట్టు పెట్టి అప్పులు చేసి ఎండిన పైరు చూసిన ఇంట పుట్టినవాణ్ణి. పండిన పంట రాలిపోవడం అంతకంటే ఘోరం.

ఆ జులై 2న సిమ్లా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ ఏడాది డిసెంబరులో షకర్‌గఢ్‌లో మనం పట్టుకున్న ఊళ్ళన్నీ తిరిగి ఇచ్చేశాం. పటాలంలో చాలామందికి నచ్చలేదు. ఇంత రక్తం పోసి తీసుకున్నది కాగితం మీద ఇచ్చెయ్యడమేమిటన్నారు. నేను సర్వీసు ముగించుకుని క్యాంపుకు వచ్చేసి, అన్నతో కలిసి మళ్ళీ పార పట్టిన తర్వాత కూడా, మిలిటరీవాడివి కదా, నువ్వేమంటావని అడిగినవాళ్ళు ఉన్నారు. మా క్యాంపు ఇప్పుడు డాబాలతో నిండింది, మా పొలంలో కొంత చౌడుబారింది, మిగతాదాంట్లో సోనా మసూరి పండుతోంది. మా పిల్లలు కన్నడం మాకంటే బాగా మాట్లాడతారు. సంతకం పెట్టించిన ఆ పెద్దాయన మనవలూ మా మనవలూ ఒకే బడిలో చదివారు.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. యుద్ధంలో మేం అక్కడికి పోవడం అవసరం, పోకపోతే జమ్మూ రోడ్డు దక్కేది కాదు. ఆ పని అయిపోయింది. భూమిని పట్టుకోవడానికి పటాలం చాలు, దాన్ని ఉంచుకోవడానికి సేద్యం చేసేవాడు కావాలి. ఆ ఊళ్ళ రైతులు తిరిగొచ్చి, పాతరలు తీయించుకుని, విత్తనం వేసుకున్నారు. డబ్బు తీసుకుని అమ్మినవాడికే పొలం మీద మమకారం చావదని మా క్యాంపులో కళ్ళారా చూసినవాణ్ణి నేను. అమ్మకుండా పోగొట్టుకున్నవాడి సంగతి వేరే చెప్పాలా? ఇచ్చెయ్యడమే సరైన పని.